అద్దె నిద్ర

దిబ్బలపాలెం తీర గస్తీ స్థావరంలో ఆ ఏడు పన్నెండు డ్రోన్లు ఉండేవి. వాటిని నడపడం తెలిసినవాళ్ళు తొమ్మిది మందే. మనుషులు లేకుండా ఎగిరే విమానాలకు మనుషులు చాలకపోవడమేమిటని బయటివాళ్ళు నవ్వేవారు. కమాండర్ రహమతుల్లాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఒక్క డ్రోను రేయింబవళ్ళు సముద్రం మీద తిరగాలంటే, కింద గదిలో కూర్చుని దాన్ని నడిపేవాళ్ళూ, దాని కెమెరా చూసేవాళ్ళూ, వాళ్ళు లేచాక ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళూ కలిసి ఆరుగురైనా కావాలి. మనుషుల్ని పంపండని ఆయన పై ఆఫీసుకు ఉత్తరం రాసినప్పుడల్లా ఇంకో డ్రోను వచ్చేది.

చివరికి ఒక మనిషి వచ్చాడు. డ్రోను నడపడానికి కాదు. ఆయన పేరు డాక్టర్ విశ్వేశం. మెదడు మీద ముప్పై ఏళ్ళు పరిశోధన చేసినవాడు. స్టీలు టిఫిన్ డబ్బాలోంచి రెండు తలపట్టీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"మనిషి రోజులో మూడో వంతు నిద్రకే ఖర్చు పెడుతున్నాడు. మీ తొమ్మిది మందీ పడుకోవడం మానేస్తే పదమూడున్నర మందితో సమానం" అన్నాడు.

"ఆ అర మనిషి ఎవరండీ?" అని అడిగింది కెప్టెన్ ప్రసూన. గదిలో అందరూ గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వి ఆమె పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిద్రంటే ఏమిటమ్మా? మెదడు తన ఇల్లు తాను ఊడ్చుకోవడం. రోజంతా పడిన దుమ్మూ ధూళీ దులిపి, సామాను సర్దుకోవడం. మీ ఇంటిని ఇంకొకరు ఊడ్చి పెడితే మీకు చీపురు పట్టే పని తప్పుతుందా లేదా? ఈ పట్టీ మీరు ఇరవై నిమిషాలు పెట్టుకుంటే చాలు. రెండో పట్టీ పెట్టుకున్నవాళ్ళు మీ బదులు ఏడు గంటలు పడుకుంటారు. మీకు తెల్లారినట్టే ఉంటుంది."

ముందుగా చెయ్యెత్తింది ప్రసూనే. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు, డ్రోను నడపడంలో ఎనిమిదేళ్ళ అనుభవం. ఆమె డ్యూటీ అర్ధరాత్రి మొదలై మధ్యాహ్నం పన్నెండుకు ముగిసేది. ఇంటికెళ్ళి మంచం మీద వాలేసరికి రెండు. ఆరేళ్ళ కూతురు మల్లిక బడి నుంచి మూడున్నరకు వచ్చేది. బళ్ళో ఇంటిపటం వెయ్యమంటే ఆ పిల్ల నాన్నను పొయ్యి దగ్గరా, అమ్మను దుప్పటి కిందా వేసింది. ఆ బొమ్మ చూసిన రోజు నుంచీ ప్రసూనకు నిద్రంటే కోపం.

ఇక కావలసింది నిద్రపోయేవాళ్ళు. కాంటీను గోడకు కాగితం అంటించారు: 'బాగా నిద్రపోగలవారు కావలెను. చదువుతో పని లేదు.' చుట్టుపక్కల ఊళ్ళ నుంచి నలభై మంది వచ్చారు. తీరా మంచాల మీద పడుకోబెట్టి, తలలకు తీగలు తగిలించి, పక్కగదిలో డ్రోను ఇంజను తిప్పితే, ఎనిమిది మంది తప్ప మిగతావాళ్ళంతా కళ్ళు చికిలించి పైకప్పు చూస్తూ ఉండిపోయారు. వాళ్ళకు టీ ఇవ్వడానికి వచ్చిన కాంటీను వంటమనిషి పైడమ్మ, ఫ్లాస్కు కింద పెట్టి గోడకు చేరగిలబడింది. రెండు నిమిషాల్లో గురక. డాక్టరు పరుగున వెళ్ళి ఆమె తలకు పట్టీ పెట్టి యంత్రం వైపు చూశాడు.

"ఈమె మామూలు మనిషి కాదయ్యా! బావిలో రాయి దిగినట్టు దిగింది!"

పైడమ్మ భర్త గురువులు సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. సంగతి తెలిసి వల దులుపుతూ అన్నాడట: "దీనికి నిద్దర తప్ప ఏటీ రాదని పాతికేళ్ళుగా నాను మొత్తుకుంతన్నాను. సర్కారోలకి ఇప్పుడు తెలిసినాది."

అలా ప్రసూన నిద్ర పైడమ్మకు ఉద్యోగమైంది. మిగతా ఎనిమిది మంది పైలట్ల నిద్ర ఆ ఎనిమిది మందికీ దక్కింది. పైడమ్మ పొద్దున్నే వంట చేసి పదకొండింటికి గరిటె కింద పెట్టేది. పన్నెండింటికి ఇద్దరూ పట్టీలు పెట్టుకునేవారు. ఇరవై నిమిషాల్లో ప్రసూన మొహం కడుక్కుని లేచేది. పైడమ్మ దీపాలు పెట్టేవేళకు లేచి ఇంటికి పోయి మళ్ళీ తన సొంత నిద్ర పోయేది. "పెళ్ళాన్ని సూడాలంతే కాంటీన్లో టిపినుకి రావాల్సొత్తంది" అని గురువులు నవ్వుతూనే అన్నాడు, కానీ రోజూ వచ్చేవాడు.

ప్రసూన డ్యూటీ రాత్రి పదింటికే మొదలై పధ్నాలుగు గంటలైంది. అయినా ఆమె మునుపెన్నడూ లేనంత హుషారుగా ఉండేది. మధ్యాహ్నం నుంచీ కళ్ళు తెరుచుకునే ఇంట్లో తిరిగేది. మల్లికతో సైకిలు తొక్కించేది, గవ్వలు ఏరించేది. ఆమె భర్త రత్నాకర్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. సాయంత్రం ఇంటికొచ్చి ఇద్దరూ పెరట్లో కప్పను తరుముతుంటే చూసి, "మన డాక్టరుగారికి గుడి కట్టించాలి" అనేవాడు.

రెండు నెలలు అలాగే గడిచాయి.

ఒక ఉదయం ఏడింటికి కాంటీన్లో పైడమ్మ ప్రసూన పళ్ళెంలో ఉప్మా వడ్డిస్తూ, "పాప మోకాలు మానిందేటమ్మా? బాగా దోక్కుపోనాది గదా" అంది.

"ఏ మోకాలు?"

"సైకిలు మీంచి పడిపోలేదేటి? నువ్వే గదా పసుపెట్టి, ఏనుగు పాట పాడినావు. ఏడుస్తున్న గుంట నవ్వీసింది."

ప్రసూన నవ్వేసింది. పైడమ్మ కలల్లో తిరుగుతోందనుకుంది. కానీ ఆ సాయంత్రం మల్లిక గౌను కాస్త పైకి జరిగినప్పుడు మోకాలి మీద ఎండిన పక్కు కనిపించింది.

"ఇదెప్పుడు తగిలింది?"

రత్నాకర్ ఆమెను వింతగా చూశాడు. "నాలుగు రోజులైంది. నీ కళ్ళముందే కదా పడింది. పాట కూడా పాడావు."

"ఏ పాట?"

"ఏనుగు పాట. అప్పటికప్పుడు కట్టావు. మల్లిక మళ్ళీ పాడమని అడిగితే మర్చిపోయానన్నావు."

ప్రసూన ఎంత వెతుక్కున్నా ఆ సాయంత్రం దొరకలేదు. పని ఒత్తిడి అనుకుంది. పనిలోనూ అలాంటిదే ఒకటి ఉంది. నెల కిందట డ్రోన్లకు కొత్త కెమెరా వచ్చింది. మూడు మీటలు, ఒక చక్రం. నేర్పడానికి వచ్చిన కుర్రాడు ఆమెకు నాలుగు సార్లు నేర్పి, ఐదోసారి మెల్లగా, "మేడమ్, నా మాట తీరు అర్థం కావడం లేదా?" అని అడిగాడు. పాత పనిలో ఆమె చేతికి తిరుగులేదు. కొత్తది మాత్రం చేతికి అంటుకోవడం లేదు.

ఆ తర్వాతి వారం ఒక మంగళవారం, ఉదయం ఎనిమిదింటికి, జెండా లేని పడవ ఒకటి తీరం వైపు వస్తూ కనిపించింది. దాన్ని పదకొండు రోజులుగా గమనిస్తున్నారు. అందులో ఉన్నవి పేలుడు పదార్థాలని రూఢి అయింది. ఆగమంటే ఆగలేదు. పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ప్రసూన డ్రోను పేల్చిన గుండు పడవ మధ్యలో తగిలింది. ఆమె ఆ మంటల చుట్టూ డ్రోనును రెండు గంటలు తిప్పింది. గస్తీ ఓడ వచ్చేదాకా కదలలేదు. తర్వాత రిపోర్టు రాసింది. పన్నెండింటికి పట్టీ పెట్టుకుంది. ఇంటికెళ్ళి కూతురితో గాలిపటం ఎగరేసింది.

బుధవారం కాంటీన్లో ఉప్మా మాడింది. పైడమ్మ రాలేదు. డ్యూటీ దిగగానే ప్రసూన జీపు వేసుకుని మత్స్యకారుల వాడకు వెళ్ళింది. గురువులు ఇంటి ముందు నిలబడి ఉన్నాడు.

"నిన్న సాయంత్రం లేచిన కాడ్నించి మెతుకు ముట్నేదమ్మా" అన్నాడు. "ఏటైందంటే సెప్పదు."

లోపల పైడమ్మ చాప మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. ప్రసూనను చూడగానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఇద్దరు నీల్లల్లో దూకినారమ్మా. ఒకడు పైకొచ్చాడు. ఆ నీలం సొక్కాయన రానేదు. నువ్వు అలాగే తిప్పుతున్నావు, తిప్పుతున్నావు. 'రా, పైకి రా' అంతన్నావు. నోట్లోనే అంతన్నావు. ఎవులికీ ఇనబడ్నేదు. నాకు ఇనబడింది."

ప్రసూన గడప మీద కూర్చుండిపోయింది. రిపోర్టు ఆమెకు తెలుసు. ఒకరు దొరికారు, ఒకరు గల్లంతు. ఆ మాటలు రాసింది తనే. కానీ నీలం చొక్కా రిపోర్టులో లేదు. తనలోనూ లేదు. మనసంతా తడిమి చూసుకుంటే, శుభ్రంగా ఊడ్చిన గదిలా ఉంది.

"పాప మోకాలు... అది కూడా నువ్వు కలగనలేదన్నమాట" అంది నెమ్మదిగా.

"కల కాదమ్మా. ఆ డాట్రుబాబు ఊడవమన్నాడు, ఊడిసినాను. ఊడిస్తే సెత్తొక్కటే వొత్తాదేటి? నీ ముక్కుపుడకలు కూడా నా సేటలోకి వొచ్చీసినాయి. ఎలా తిరిగియ్యాలో నాకు తెల్దు."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ డాక్టరు గది తలుపు తట్టారు. విశ్వేశం రెండు గంటల సేపు ఇద్దరినీ వేరువేరుగా ప్రశ్నలు అడిగి, జవాబులు పక్కపక్కన రాసుకున్నాడు. గత డెబ్బై రోజుల్లో ప్రసూన మనసుకు బాగా తగిలినవీ, కొత్తగా నేర్చుకున్నవీ దాదాపు అన్నీ పైడమ్మ వరసలోనే ఉన్నాయి. రోజువారీ పైపై సంగతులే ప్రసూనకు మిగిలాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"నిద్రలో మెదడు ముందు సర్దేది గట్టిగా తగిలినవాటినే. అది నాకు తెలుసు. సర్దినవాళ్ళ అలమరలోనే అవి ఉండిపోతాయని తట్టలేదు. తప్పు నాది తల్లీ."

"వెనక్కి రావా?" అని అడిగింది ప్రసూన.

"మీ పట్టీలు ఒకరివి ఒకరికి తిరగేసి చూస్తాను. ఆశ పెట్టుకోవద్దు."

కమాండర్ రహమతుల్లా అంతా విని తల పట్టుకున్నాడు. మర్నాడే జనరల్ తులసీబాయి తనిఖీకి వస్తోంది. ఈ స్థావరం నచ్చితే ఇంకో పదకొండు స్థావరాలకు పట్టీలు పంపుతారు.

"రేపొక్కరోజు ఓపిక పట్టమ్మా. తర్వాత నేనే మాట్లాడతాను. పట్టీలు తీసేస్తే మళ్ళీ తొమ్మిది మందితో ఎలా నడపను? నాకు మనుషులు లేరు."

"నాకున్నారు సార్, ఇంట్లో" అంది ప్రసూన. "వాళ్ళే నాలో లేకుండా పోతున్నారు. ఈ రోజు నేను పట్టీ పెట్టుకోను. ఇంకో పదకొండు చోట్ల ఇంకెంతమంది ఇళ్ళు ఇలా ఊడ్చేస్తారు? రేపు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాను."

"చెప్పు. నేను అడ్డురాను" అన్నాడు రహమతుల్లా.

గురువారం పదింటికి జనరల్ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, ప్రతిదీ వేలితో ముట్టి చూసే మనిషి. ప్రసూన కుర్చీ వెనక నిలబడి, "మీ నిద్రలేని పైలట్ గురించి చాలా విన్నాను. ఆ కొత్త కెమెరా చూపించండి" అంది.

ప్రసూన చెయ్యి మీటల మీదకు వెళ్ళి ఆగిపోయింది. "నాకు రాదు మేడమ్. ఐదు సార్లు నేర్పారు. నేర్చుకున్నదంతా నా నిద్రతో పాటు వేరే మనిషికి పోయింది."

జనరల్ ఏదో అడగబోతుండగా వైర్‌లెస్ మోగింది. వేటకు వెళ్ళిన పడవ ఒకటి తిరగబడిందని, నలుగురు నీళ్ళలో ఉన్నారని కబురు. ప్రసూన వెంటనే డ్రోనును అటు తిప్పింది. పక్కన కెమెరా కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఉండాల్సిన మనిషి మనుషులు చాలక ఇంకో డ్రోను దగ్గర ఉన్నాడు.

జనరల్ కోసం టీ పళ్ళెం పట్టుకుని నిలబడ్డ పైడమ్మ పళ్ళేన్ని కమాండరు చేతుల్లో పెట్టింది. ఎవరి అనుమతీ అడగకుండా ఖాళీ కుర్చీలో కూర్చుంది. మొదటి మీట కిందకి, మూడోది సగానికి, చక్రం సన్నగా ఎడమకి. మసకగా ఉన్న తెర ఒక్కసారిగా తేటపడింది. బోర్లాపడ్డ పడవ కనిపించింది. చుట్టూ ఎవరూ లేరు.

"చుట్టూ గుండ్రంగా తిప్పుతాను" అంది ప్రసూన.

"గుండ్రంగా వొద్దమ్మా. పడవ ఉన్న కాడ మనుసులుండరు. ఈ రోజుల్లో నీరు ఉత్తరానికి లాగుతాది. బేగి ఉత్తరం పో. ఇంకా. ఇంకా... అద్గదీ!"

తెర మీద ఒక నీలిరంగు డ్రమ్ము, దాన్ని పట్టుకుని నాలుగు తలలు. ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. ప్రసూన ఆ చోటు వైర్‌లెస్‌లో చదివి చెప్పింది. ఇరవై ఐదు నిమిషాల్లో గస్తీ పడవ చేరింది. నలుగురినీ పైకి లాగుతుంటే పైడమ్మ వేలితో తెర మీద ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. నాలుగోవాడు పడవలోకి ఎక్కాక, "హమ్మ! మా ఆడబిడ్డ మొగుడు. ఈడికి ఈత రాదు గానీ డ్రమ్మొదల్నేదు" అంది. గదంతా ఊపిరి వదిలి నవ్వింది. ప్రసూన చప్పట్లు కొట్టింది. రహమతుల్లా మాత్రం ఇంకా టీ పళ్ళెం పట్టుకునే నిలబడి ఉన్నాడు.

"ఈమెకు శిక్షణ ఎవరిచ్చారు?" అంది జనరల్.

"నిద్దర్లో నేర్సుకున్నానండి" అంది పైడమ్మ.

డాక్టర్ విశ్వేశం ముందుకొచ్చి జరిగింది దాచకుండా చెప్పాడు. మోకాలి దెబ్బా, నీలం చొక్కా, అన్నీ. జనరల్ ఒక్క మాట కూడా అడ్డు తగలకుండా విన్నది. ఆ తర్వాత కమాండరు పట్టుకున్న పళ్ళెంలోంచి చల్లారిన టీ తీసుకుని తాగేసింది.

"ఎవరి నిద్ర వాళ్ళే పోవాలి. పట్టీలు ఈ రోజుతో డబ్బాలోకి వెళ్ళాలి, ఎక్కడికీ పంపేది లేదు" అంది. "కానీ కమాండర్, మీరు మనుషులు లేరని నాకు పదిహేడు ఉత్తరాలు రాశారు. రెండు నెలలుగా పని నేర్చుకున్న తొమ్మిది మందిని మంచాల మీద పడుకోబెట్టి మరీ రాశారు."

తొమ్మిది మంది నిద్రగాళ్ళకూ పరీక్ష పెట్టారు. డ్రోను ఎగరేయడం ఎవరికీ అంత తేలిగ్గా రాలేదు గానీ కెమెరా పని ఏడుగురికి నీళ్ళు తాగినట్టు వచ్చింది. అందరూ సముద్రం ఎరిగినవాళ్ళు కావడం మరీ కలిసొచ్చింది. స్థావరంలో తొమ్మిది మంది పదహారు మందయ్యారు. డ్యూటీ ఎనిమిది గంటలకు తగ్గింది. పైడమ్మ ఖాకీ చొక్కా చీర మీద తొడుక్కుని కుర్చీలో కూర్చునేది. మధ్యమధ్య లేచి కాంటీన్లోకి తొంగిచూసి, కొత్త వంటమనిషిని పోపు ఎలా వేస్తున్నావని అడిగి మరీ తిట్టి వచ్చేది.

డబ్బాలో పెట్టేముందు పట్టీలు తిరగేసి చూసినా పోయినవి తిరిగి రాలేదు. అందుకని ఇద్దరూ నోటితోనే ఆ పని మొదలుపెట్టారు. రోజూ డ్యూటీ అయ్యాక కాంటీను వెనక అరుగు మీద కూర్చుని, పైడమ్మ ఒక్కో రోజే చెప్పేది. గవ్వలు ఏరిన రోజు. కప్ప రత్నాకర్ చెప్పులో దూరిన రోజు. ఏనుగు పాట మొత్తం పాడింది, అపస్వరాలతో సహా. ప్రసూన పుస్తకంలో రాసుకుని ఇంటికెళ్ళి మల్లికకు పాడింది. వింటే తనదిలా అనిపించలేదు. పదిసార్లు పాడాక అనిపించడం మొదలైంది.

ఒక రోజు పైడమ్మ, "మంగళవారం దాటేద్దామమ్మా. అది నా కాడే ఉండనీ. నీకెందుకూ" అంది.

"చెప్పు పైడమ్మా. ఆ గుండు పేల్చింది నేను. నీ చేత మోయించకూడదు."

పైడమ్మ చెప్పింది. ప్రసూన పుస్తకం మూసేసి విన్నది. ఆ నీలం చొక్కా మనిషి కోసం ఆమె అప్పుడు ఏడ్చింది. పైడమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి, "ఇప్పుడు నాకూ తేలికైనాది" అంది. ఆ వారంలోనే డాక్టర్ విశ్వేశం కోరి, స్థావరంలో కొత్త పద్ధతి పెట్టించాడు. అలాంటి రోజు గడిచినవాళ్ళు ఒంటరిగా ఇంటికి వెళ్ళకూడదు. తోటివాళ్ళతో కూర్చుని చెప్పుకోవాలి, ఆ తర్వాత తమ మంచం మీద తాము పడుకోవాలి. ముప్పై ఏళ్ళ పరిశోధనలో తాను కనిపెట్టిన మంచి యంత్రం ఈ అరుగేనని ఆయన నవ్వుతూ చెప్పుకునేవాడు.

వర్షాలు పడ్డాక ఒక ఆదివారం మల్లిక బళ్ళో నాటకం జరిగింది. సోమవారం పొద్దున ప్రసూన తన మంచం మీద ఎనిమిది గంటలు పడుకుని లేచింది. కళ్ళు తెరవకుండానే నిన్నటిదంతా గుర్తొచ్చింది. మొదటి నుంచి చివరిదాకా, రంగులతో సహా. ఆమె ఒక్క ఉదుటున లేచి ఫోను చేసింది.

"పైడమ్మా! నిన్న మల్లిక నాటకంలో పీత వేషం వేసింది తెలుసా?"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. పైడమ్మ కాసేపు తనలో తాను వెతుక్కున్నట్టుంది.

"నాకు తెల్దమ్మా" అంది సంబరంగా. "ఏటైనాది? బేగి సెప్పు."